బాగున్నవి విప్పే బావ

బాగున్న వస్తువును చూస్తే మా బావ చెయ్యి ఊరుకోదు. పాడైనదాన్ని మెకానిక్కుకు ఇచ్చేస్తాడు. చక్కగా పనిచేసేదాన్ని మాత్రం తానే విప్పుతాడు.

ఉద్యోగమూ అలాంటిదే. యంత్రాల కడుపులో ఉండే చిప్పులకు ప్రోగ్రాములు రాస్తాడు. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలో, పంపు ఎప్పుడు తిరగాలో చెబుతాడు. మనుషులెవరూ తన మాట వినరు కాబట్టే ఆ పనిలో చేరాడని అక్క అంటుంది.

అక్కా బావా, అమ్మా, నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. మా ఇంట్లో ఉప్పు డబ్బాలో చెయ్యి పెడితే స్ప్రింగు వస్తుంది.

"గడియారం బాగానే నడుస్తోందిగా. ఎందుకు విప్పారు?" అని అక్క అడుగుతుంది.

"ఎందుకు బాగా నడుస్తోందో చూద్దామని."

"చూశారా?"

"చూశాను. ఇప్పుడు నడవట్లేదు."

ఈమధ్య అక్కకు ఇంకో తలనొప్పి మొదలైంది. అమ్మ ఓవెన్‌లో పెట్టినవి వరసగా మాడిపోతున్నాయి. టైము అయిందని అది కూసి కూసి ఊరుకుంటుంది. అమ్మ పక్కనే కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తుంటుంది. అడిగితే, "ఏదో ఆలోచనలో పడ్డానే" అంటుంది. మతిమరుపని అక్క భయం.

"ఇంకోసారి మాడిందంటే ఇక వంటింటి వైపు రావద్దమ్మా."

అమ్మ చేతిగుడ్డ మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

సరిగ్గా అప్పుడే బావ ఓవెన్ విప్పాడు. తర్వాత వాషింగ్ మెషిన్. బిగించాక రెండూ గేదెల్లా అరవసాగాయి.

"ఇది ఇల్లా, గొడ్లచావిడా?" అంది అక్క.

"బజర్ మార్చాను. పాతది ఇక పనికిరాదు" అన్నాడు బావ తల వంచుకుని.

నేను అతన్ని పక్కకు లాగాను. "ఎందుకు బావా ఊరికే తిట్లు తింటావ్?"

"అత్తయ్యకు సన్నటి కూత వినపడదురా. మీ అక్క కేకలూ వినపడవు. నా బొంగురు గొంతయితే వినపడుతుంది. మతిమరుపూ లేదు, ఏమీ లేదు."

"అక్కతో చెప్పొచ్చుగా."

"చెవి సంగతి చెప్పుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. మధ్యలో నేనెవర్ని?"

ఇంతలో ఓవెన్ అరిచింది. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అమ్మ గిరుక్కున తిరిగింది. "వస్తున్నా, వస్తున్నా" అని దానికి బదులిస్తూ లోపలికి నడిచింది.

అమ్మ ఓవెన్‌లోంచి తీసిన రొట్టెను అక్క అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా మాడలేదు. "సరే, రేపు కూడా నువ్వే చెయ్యి" అంది.

"ఇన్నాళ్లకు దీనికి నోరొచ్చింది" అంది అమ్మ. "ఇక దీన్ని విప్పకు నాయనా."

"విప్పనత్తయ్యా" అన్నాడు బావ. అతని చూపు అప్పటికే కాలింగ్ బెల్ మీద ఉంది.

స్టూలు నేను పట్టుకున్నాను.