ఎత్తిన వేలు

మా అత్త పోయింది. నాన్నకు అక్క, నాకు మేనత్త. ఫిషింగ్ హార్బర్లో ఇంకా తెల్లారకముందే వేలంపాటలో బుట్టెడు చేపలు కొనుక్కుంది. పైన ఐసు వేయించుకుంది. బస్సుకి ఇంకా టైముందని గోడ వారన కూర్చుంది, మళ్ళీ లేవలేదు. నాన్న ఫోన్ చేసి, "అమ్మీ, అత్త నేదే," అన్నాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది, పాపం చివరిదాకా కష్టపడుతూనే పోయిందన్నారు. మా ఆఫీసాయన ఒకరు, "మీరింత మంచి ఉద్యోగంలో ఉండి కూడా ఆవిడ చేపలమ్మడమేమిటండీ," అన్నాడు. ఇంటి నిండా జనం ఉన్నారని ఆ పూట ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మా అత్త పాపం కాదు. ఆవిడ చేత చేపలమ్మడం మాన్పించడం ఎవరి తరమూ కాలేదు. మాన్పించాలని నేనెప్పుడూ అనుకోలేదు కూడా. ఆవిడ అమ్మినందువల్లే నేను ఆ ఆఫీసులో ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

కొత్తగా చేరిన పిల్లలు నన్నడుగుతుంటారు, సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎంచుకున్నారు మేడమ్ అని. లెక్కలంటే ఇష్టమనో, చిన్నప్పట్నుంచీ కలలు కన్నాననో చెబుతానని ఎదురుచూస్తారు. మా పేటలో పదో క్లాసు దాటిన ఆడపిల్లకు రొయ్యల షెడ్డు తప్ప వేరే కల ఉండేది కాదు. పొద్దున్నుంచీ నిలబడి రొయ్యల పొట్టు వలవడం, చేతి వేళ్ళు నాని తెల్లగా పాలిపోవడం. నేను డిగ్రీ దాకా వచ్చానంటే మా అత్త నాన్నతో ఏటేటా పడిన పోట్లాట వల్లే. సాఫ్ట్‌వేరు నేను ఎంచుకున్నది కాదు. మా అత్త వేలెత్తింది, అంతే.

అదేమిటో చెప్పాలంటే ముందు హార్బర్లో వేలంపాట సంగతి చెప్పాలి. బోటు ఒడ్డుకొచ్చాక చేపలు కుప్పలు పోస్తారు. పాట పాడేవాడు ధర అరుస్తాడు. కొనేవాళ్ళు నోరు విప్పరు, ఒక వేలు ఎత్తుతారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఎత్తిన వేలు దించకూడదు. అరిచినవాడూ మాట వెనక్కి తీసుకోకూడదు. దించినవాళ్ళను మర్నాడు ఎవరూ తిట్టరు, కానీ వాళ్ళ వేలు వైపు ఎవరూ చూడరు. మా అత్త ఆ కుప్పల మధ్యే పెరిగింది. మావ సముద్రం మీద పోయాక బుట్ట నెత్తికెత్తుకుని, అదే చోట, అదే వేలితో బతికింది.

ఆవిడ బేరం గాజువాకలో. హార్బర్ నుంచి సిటీ బస్సులో బుట్టతో వెళ్ళేది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆవిడ కోసమే కాచుకుని ఉండేవారు. బస్సెక్కగానే జనం కొంగులూ జేబురుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకునేవారు. కండక్టర్లు వెనక్కి పొమ్మనేవారు. అత్త ముందు సీట్లోనే కూర్చునేది. "టిక్కెట్టు నాకూ తీసాను, బుట్టకీ తీసాను. ముక్కు నీది, నువ్వే మూసుకో," అనేది. గొంతు పెంచేది కాదు. చిన్నప్పుడు పక్కన కూర్చున్న నాకు చెవులు వేడెక్కేవి. బస్సు దిగాక ఆవిడ నవ్వి, "మద్దేనం ఆల్లింట్లో ఏటి కూరనుకుంతన్నావ్? సేపల పులుసే," అనేది.

గాజువాకలో ఆవిడ కూర్చునే చోటికి ఎదురుగా ఒక మేడ ఉండేది. తొంభైల చివర్లో ఆ మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఇస్త్రీ బట్టలు వేసుకున్న పిల్లలు మెట్లెక్కి వెళ్ళడం, దిగి రావడం అత్త రోజూ చూసేది. నా డిగ్రీ పరీక్షలయ్యాయి. నాన్న రొయ్యల షెడ్డు మేస్త్రీతో మాట్లాడేశాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ ముందు ఆదివారమే మేడ మీద ఉచిత డెమో క్లాసని బోర్డు పెట్టారు. "ఊరికే సూపిత్తారంట, సూసొద్దాం రా," అని అత్త నన్ను లాక్కెళ్ళింది.

అప్పట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. దుమ్ము పడితే మిషను పాడవుతుందట. అత్త చెప్పులతో పాటు బుట్ట కూడా గుమ్మం దగ్గర పెట్టి లోపలికొచ్చింది. ఏసీ చల్లదనానికి భుజాలు ముడుచుకుంది. "సల్ల గదిలో పెట్టేది కుల్లిపోయే సరుకే కదేటి. ఈ కంప్యూటర్లూ మన సరుకేనన్నమాట," అంది నా చెవిలో. టై కట్టుకున్న మేనేజరు ముందు నిలబడి, "మా కోర్సు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం ఇప్పించే పూచీ మాది. ఎవరెవరు చేరతారు?" అని గట్టిగా అడిగాడు.

అలాంటి మాటలకు అర్థమేమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. ప్రతి బోర్డు మీదా అదే రాసి ఉండేది. ఎవరూ నమ్మరు, ఎవరూ నిలదీయరు. మా అత్తకు మాత్రం తెలియదు. నలుగురి ముందు నిలబడి ఒకడు గొంతెత్తి అరిస్తే అది పాటేననుకుంది. వెనక గోడ దగ్గర్నుంచి చూపుడు వేలు ఎత్తింది.

ఆ సాయంత్రం నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆడపిల్లకి కంప్యూటరేంటన్నాడు, మేస్త్రీకి ఏం చెప్పాలన్నాడు. అత్త కాళ్ళు కడుక్కుంటూ, "ఒరే తమ్ముడా, నలుగుర్లో నాను ఏలెత్తేసాను. దించమంతావేటి?" అంది. నాన్న బోటు నడిపేవాడు. ఆయన పట్టిన చేపలన్నీ ఆ వేళ్ళ మీదే అమ్ముడుపోయాయి. నేను రావడం లేదని షెడ్డు మేస్త్రీకి చెప్పడానికి తనే వెళ్ళాడు. చదువు గొప్పదనం ఆయనకు ఎవరు చెప్పినా ఎక్కేది కాదు. ఎత్తిన వేలు ఆయనకు తెలుసు.

క్లాసులో నా పక్క కుర్చీ ఎప్పుడూ కొంచెం జరిగి ఉండేది. ఒకమ్మాయి రోజూ తలుపు వైపు చూసి, ఎక్కడిదో వాసన అనేది. నేను ఇంట్లో నిమ్మచెక్కతో చేతులు తోముకోవడం అత్త చూసింది. నిమ్మచెక్క తీసి పారేసింది. "నువ్వు తిన్న తిండీ, కట్టిన బట్టా, సదివిన సదువూ అన్నీ ఆ వాసనలోంచే వొచ్చేయి. దాన్ని తోమితే నన్ను తోమినట్టే. ఉండనీ," అంది. మర్నాటి నుంచి నేను తోమలేదు.

ఆ రోజుల్లోనే నాకు ఆ పని మీద ఇష్టం పుట్టింది. ఎందుకో దాచుకోకుండా చెబుతాను. కంప్యూటరుకు ముక్కు లేదు. నేను తప్పు రాస్తే తప్పని చూపించేది, పక్క కుర్చీ జరుపుకున్న అమ్మాయి తప్పు రాసినా అలాగే చూపించేది. మీ నాన్నేం చేస్తాడని అడిగేది కాదు. ఒప్పు రాస్తే పని చేసేది. అప్పటిదాకా నాతో అంత నిక్కచ్చిగా ఉన్నది మా అత్త ఒక్కతే. సాఫ్ట్‌వేరులో జీతాలు బాగుంటాయని చేరినవాళ్ళను నేను తప్పుపట్టను. నాకు మాత్రం ఆ గదిలో మొదటిసారి ఊపిరాడింది.

కోర్సయ్యేసరికి రోజులు బాగా లేవు. అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయని పేపర్లనిండా రాసేవారు. నాకు మంచి మార్కులొచ్చాయి, సర్టిఫికెట్టూ ఇచ్చారు, ఇన్‌స్టిట్యూట్ పేరు అచ్చేసిన సంచీ ఇచ్చారు. ఉద్యోగం లేదు. మిగతా వాళ్ళు నిట్టూర్చి ఇళ్ళకు పోయారు. షెడ్డు మేస్త్రీ మళ్ళీ కబురుపెట్టాడు. అత్త చెప్పులు విప్పి మేడెక్కింది, వెనకే నేనూ.

"బాబూ, ఉద్యోగం ఇప్పిత్తానని నువ్వు అన్నావా, నేదా?"

"అది డెమోలో అందరూ చెప్పేదేనమ్మా. మార్కెట్ బాగాలేదు, నేనేం చెయ్యను?" అన్నాడు మేనేజరు.

"అందరి సంగతీ నాకెందుకు? నువ్వు పాట పాడేవు, నాను ఏలెత్తేను. సరుకేదీ?"

ఆయనకు అర్థం కాలేదు. చివరికి విసుగొచ్చి, అత్త కట్టిన ఫీజు వెనక్కి ఇచ్చేస్తాను పొమ్మన్నాడు. అత్తకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. "సేప కొన్నాక డబ్బులు ఎనక్కిత్తానంటే ఊరుకుంతారేటి? సేపివ్వు," అని కిందికి దిగొచ్చేసింది.

మర్నాడు ఎదురు వైపు కూర్చోవడం మానేసి, బుట్ట తెచ్చి సరిగ్గా ఆ మేడ మెట్ల పక్కన దించింది. తిట్టలేదు, కేకలెయ్యలేదు. చేపలమ్ముకుంది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన అమ్మానాన్నలు, ఇన్‌స్టిట్యూట్ ఇదేనా అని అడిగితే, "ఇదే బాబూ. పాటాలు బాగా సెప్తారు, అబద్దమాడకూడదు. మా మేనకోడలు గుంటకి బాగా వొచ్చింది. ఉద్యోగం ఇప్పిత్తామన్న మాటే ఇంకా నిలబెట్టుకోనేదు," అనేది. వాళ్ళు మేడ వైపు ఒకసారి, బుట్ట వైపు ఒకసారి చూసేవారు. కొందరు చేపలు కొనుక్కుని వెళ్ళిపోయేవారు.

మూడో నాడో నాలుగో నాడో నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇన్‌స్టిట్యూట్ సంచీని గోడ మేకుకు తగిలించి, దాని కిందే కత్తిపీట వేసుకుని చేపలు శుభ్రం చేశాను. ఆ మెట్లు ఎక్కేవాళ్ళలో నా పాత క్లాసువాళ్ళూ ఉన్నారు. పలకరించిన వాళ్ళను పలకరించాను. వాసన గురించి మాట్లాడిన అమ్మాయి కూడా వచ్చి, మెల్లగా వంజరం ఉందా అని అడిగింది. అత్త మంచి ముక్క చూసి ఇచ్చింది.

ఆదివారం డెమో క్లాసు రోజున మేనేజరు కిందికొచ్చాడు. మెడలో టై ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు, కంగారులో మర్చిపోయినట్టున్నాడు. "ఏమ్మా, ఇలా ఎన్నాళ్ళు కూర్చుంటావు?" అన్నాడు.

"నా బేరం నాకు అవతంది బాబూ. నీ మాట కోసం నాకేటీ తొందర నేదు," అంది అత్త.

ఆయన నా వైపు చూశాడు, గోడ మీద సంచీ వైపు చూశాడు. సాయంత్రం బ్యాచికి ల్యాబ్‌లో పాఠం చెప్పే మనిషి మానేశాడని, రేపట్నుంచి నన్ను రమ్మని చెప్పాడు. అత్త వెంటనే బుట్టెత్తలేదు. "నలుగుర్లో సెప్పు," అంది. ఆయన మెట్ల మీద నిలబడి, డెమోకి వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పాడు. అప్పుడు లేచి, ఎదురు వైపు తన పాత చోటికి వెళ్ళి కూర్చుంది. ఆ పైన ఆ మేనేజరు డెమోల్లో పూచీ అన్న మాట వాడగా నేను వినలేదు. చేపలు మాత్రం ప్రతి ఆదివారం మా అత్త దగ్గరే కొన్నాడు.

ల్యాబ్‌లో మొదలై, ఊళ్ళోనే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసి, ఇప్పుడు కొండవైపు అద్దాల మేడలో పనిచేస్తున్నాను. ఊరు విడిచి వెళ్ళమని చాలామంది చెప్పారు, నేను వెళ్ళలేదు. మీ బ్యాక్‌గ్రౌండు నుంచి ఇంత పైకి రావడం గ్రేట్ అని సభల్లో మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. నేను కిందనుంచి పైకి రాలేదు. హార్బర్ నుంచి వచ్చాను. ఆఫీసులో ఫలానా తేదీకి పని అయిపోతుందని నలుగురి ముందు ఒప్పుకుంటే నా చేతిలో ఆ వేలుంటుంది. అందుకే తొందరపడి ఒప్పుకోను. ఒప్పుకుంటే దించను. నన్ను మొండిదంటారు, అననీ.

కర్మ అయిపోయిన మర్నాడు చీకటుండగానే హార్బర్‌కి వెళ్ళాను. గాజువాకలో ఆడవాళ్ళకు అత్త కబురు ఎవరూ చెప్పలేదని, ఎదురుచూస్తూ ఉంటారని గుర్తొచ్చింది. వాళ్ళ ఫోన్ నంబర్లు ఆవిడ దగ్గర ఎప్పుడూ లేవు. బోటు దించిన కుప్ప దగ్గర పాట మొదలైంది. పాడేవాడు ధర అరిచి, అలవాటు చొప్పున అత్త నిలబడే చోటు వైపు తలతిప్పాడు. అక్కడ నేను నిలబడి ఉన్నాను. వేలు ఎత్తాను. ఆయన రెండు క్షణాలు నా మొహంలోకి చూసి, పాట నాకే ఖాయం చేశాడు.

ఆవిడ బుట్టలోనే పోయించుకుని, ఐసు వేయించుకుని, ఆవిడ బస్సే ఎక్కాను. ముందు సీట్లో కూర్చున్నాను. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు కొత్త కుర్రాడు. "అమ్మా, బుట్టట్టుకుని ఎనక్కెల్లండి. వాసనంతన్నారు," అన్నాడు.

ఆఫీసు కోసం నేను ఎన్నేళ్ళుగానో పక్కన పెట్టిన మా పేట మాట నాలుక మీదికి దానంతటదే వచ్చింది. "టిక్కెట్టు నాకూ తీసాను, బుట్టకీ తీసాను బాబూ. ముక్కు నీది, నువ్వే మూసుకో."

బస్సు కదిలింది. బుట్ట అడుగునుంచి ఐసు నీళ్ళు కారి, ముందు సీటు కింద నుంచి సన్నగా వెనక్కి పారుతున్నాయి. బూట్లూ చెప్పులూ ఒక్కొక్క వరసే పైకి లేస్తున్నాయి.