మా డాబా మీద వేరే ఊరి వాన

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో మీటర్లు బాగుచేసే టెక్నీషియన్. ఇంట్లో ఏ వస్తువైనా దానంతట అది పనిచేస్తే తప్ప ఆయనకు తృప్తి ఉండేది కాదు. కంప్యూటర్ కొన్న ఏడాదే ఒక ఏర్పాటు చేశారు. తెల్లవారగానే అది టెలిఫోన్ లైన్ మీద ఇంటర్నెట్‌కి వెళ్ళి, మన ఊరి వాతావరణ సూచన తెచ్చుకోవాలి. వాన ఉందంటే డాబా మీద టార్పాలిన్ పరుచుకోవాలి. చలి ఉందంటే గీజర్ వెలగాలి. టార్పాలిన్ లాగడానికి వన్‌టౌన్‌లోని పాత సామాన్ల కొట్టు నుంచి రెండు లారీ వైపర్ మోటార్లు తెచ్చి బిగించారు.

ఇదంతా మొదలుపెట్టింది మే నెలలో.

మొదటి రోజు తెల్లవారకముందే మా అత్తగారు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టారు. గంట తిరక్కుండా మోటార్లు గుర్రుమన్నాయి, టార్పాలిన్ వచ్చి వడియాలను కప్పేసింది. ఆవిడ దాన్ని వెనక్కి లాగారు. మోటార్లు మళ్ళీ ముందుకు లాగాయి. కాసేపు అలా పోటీ నడిచింది.

"ఒరే, మబ్బు ముక్క లేదు. ఎవుడు సెప్పేడ్రా వానని?" అని పైనుంచి కేకేశారు.

"కంప్యూటర్ సెప్పిందమ్మా," అన్నారు ఈయన ఓపిగ్గా. "అది ఉపగ్రహం కాణ్ణించి సూత్తాది. నువ్వు డాబా మీంచి సూత్తన్నావు."

మూడో రోజుకి వడియాలు పులిసిపోయాయి. ఆవిడ రెండో వాయి తీసుకెళ్ళి పక్కింటి డాబా మీద పెట్టుకున్నారు.

స్నానాలగదిలో ఇంకో గొడవ. డాబా మీది ట్యాంకులో నీళ్ళే ఎండకు కాగిపోతుంటే, వాటిని గీజర్ మరిగించేది. ఆపేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "దానికేదో లెక్కుంటాది," అన్నారు. నియమంగా ఆ నీళ్ళే పోసుకుని, ఉడికిన రొయ్యలా ఎర్రబడి వచ్చి ఫ్యాను కింద కూర్చునేవారు. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది.

మా అన్నయ్య పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఒక ఆదివారం మల్కాపురం నుంచి వచ్చాడు. స్నానానికి వెళ్ళినవాడు ఒంటినిండా సబ్బుతోనే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు.

"బావా, నాను తానానికొచ్చాను గానీ ఉడకడానికి కాదు. ఏటి బావా ఇది?"

అలాగే వెళ్ళి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. రోజూ అది ఏం తెచ్చుకుంటోందో చూపించమన్నాడు. మా ఆయన ఆ పట్టిక తెరిచారు. ప్రపంచంలోని ఊళ్ళన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. మా అన్నయ్య కంప్యూటర్ తీసుకుంటున్న వరస మీద వేలుపెట్టి చదివాడు.

"నాలుగు డిగ్రీలు. సలిగాలి, జల్లులు. ఇదెక్కడ బావా?"

"ఇక్కడే," అన్నారు ఈయన. అప్పుడే ఆయన గొంతు తగ్గిపోయింది.

మన ఊరు పై వరసలో ఉంది. మా ఆయన రాసిన ప్రోగ్రాం ఒక వరస తప్పు లెక్కపెట్టి, కింద ఉన్న ఊరిని చదువుతోంది. అదెక్కడో ఉత్తరాన చలిదేశంలోది, పేరు మాత్రం మన ఊరి పేరులాగే మొదలవుతుంది. మూడు వారాలు మేము ఆ ఊళ్ళో కాపురం చేశామన్నమాట.

ఎవరూ నవ్వలేదు. మా అత్తగారు మాత్రం ఆలోచించి, నిజంగానే అడిగారు.

"అయితే ఆ ఊరోళ్ళు మన ఎండలో ఒడియాలెట్టుకుంటన్నారా?"



మా ఆయన అంకె సరిచేశారు. జూన్‌లో మొదటి వాన వచ్చిన రోజు కంప్యూటర్ ఆ మాట పొద్దున్నే చెప్పింది కూడా. తీరా టార్పాలిన్ లాగే సమయానికి కరెంటు పోయి మోటార్లు కదల్లేదు. నేనూ మా అత్తగారూ పరుగెత్తి తీగమీది బట్టలు తీసుకొచ్చాం.

తర్వాత మోటార్లు విప్పేశారు గానీ, ఆ చలి ఊరి వరస చూడటం ఆయన మానలేదు. రోజూ కాఫీ తాగుతూ, చుట్టాల కబురులా చెప్పేవారు.

"నిన్న అక్కడ ఎండ కాసిందటే."

"పోన్లెండి," అన్నాను. "వాళ్ళ బట్టలారుంటాయి."