తాతయ్య చెప్పిన ఇంగ్లీషు సినిమాలు

ఈ మధ్య తెనాలిలో కళ్ళజోడు మార్పించుకుందామని షాపుకి వెళితే, అక్కడి అమ్మాయి అద్దం మీద ఏదో చల్లి దూదితో తుడిచింది. గుప్పున స్పిరిట్ వాసన వచ్చింది. ఆ వాసనకి మిగతావాళ్ళకి ఆసుపత్రులూ సూదిమందులూ గుర్తొస్తాయేమో. నాకు మాత్రం బాపట్లలో మా అమ్మమ్మగారి హాలు, ఆదివారం మధ్యాహ్నం మూసిన కిటికీలు, నలుపు తెలుపుల్లో గలగల నవ్వే దొరసానులు గుర్తొస్తారు. ఆ వాసనకీ ఆ నవ్వులకీ సంబంధమేమిటో చెప్పాలంటే మా తాతయ్య సంగతి చెప్పాలి. చెబుతాను గానీ, అందులో నాకిప్పటికీ అర్థం కానిదే ఎక్కువ.

వేసవి సెలవులివ్వగానే అమ్మ నన్ను తెనాలిలో పాసింజరు ఎక్కించి తీసుకెళ్ళేది. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల అని స్టేషన్ల పేర్లు పైకి చదువుకుంటూ కిటికీ పక్కన కూర్చునేదాన్ని. అప్పికట్ల దాటాక నేల రంగు మారి ఇసుక వచ్చేది, సరుగుడు తోటలూ జీడిమామిడి చెట్లూ వచ్చేవి, పెదవులు తడుముకుంటే ఉప్పగా ఉన్నట్టు తోచేది. అమ్మమ్మ ఇంట్లో వేసవంటే ఆవకాయ జాడీల ఘాటు, మేడమీద పాత పంచె మీద ఎండే గుమ్మడి వడియాలు, కాకుల్ని తోలడానికి పిల్లలకి వంతులు, మధ్యాహ్నం ముంజెలు, సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి వేరుశనక్కాయలు, అరుగు మీద అచ్చనగాయలు. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. మా తాతయ్య ఇంట్లో మాత్రమే ఉన్నవి ఇంగ్లీషు సినిమాలు.

తాతయ్య కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. మద్రాసులో ఉండే పాత శిష్యుడొకాయన ఆయనకి పాత హాలీవుడ్ సినిమాల వీడియో కేసెట్లు పంపుతుండేవాడు. అన్నీ ఒకే తీరు సినిమాలు. కోటీశ్వరుడి కూతురు పెళ్ళిపీటల మీంచి లేచిపోయి ఊరూపేరూ లేనివాణ్ణి ప్రేమిస్తుంది, లేదా మిల్లు యజమాని కొడుకు షాపులో చేతి తొడుగులు అమ్మే పిల్ల వెంట పడతాడు. వాళ్ళు పోట్లాడుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు వానలో వదిలేసి వెళ్ళిపోతారు, అందరూ నవ్వుతారు, చివరికి పెళ్ళవుతుంది.

ఆదివారం భోజనాలయ్యాక గడియార స్తంభం దగ్గర వీడియోలు అద్దెకిచ్చే షాపు నుంచి కోటేశ్వరరావు గారు సైకిలు వెనక వీడియో డెక్కు కట్టుకుని వచ్చేవారు. పాతికేళ్ళుంటాయి. రేపల్లె ఆయనది. డెక్కు మూత విప్పి, దూది స్పిరిట్‌లో ముంచి, లోపల మెరిసే చక్రాన్ని చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేవారు. ఈలోగా వీధిలో ఆడవాళ్ళంతా తలా ఒక చాపో పీటో పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. తాతయ్య టీవీ పక్కన కుర్చీ వేసుకుని, సినిమా మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పేవాడు.

ఆయన చెబుతుంటే న్యూయార్కు మద్రాసైపోయేది. కోటు వేసుకున్న పనివాడు దివాన్జీ అయ్యేవాడు. గ్లాసుల్లో వాళ్ళు తాగేది ద్రాక్షరసం. ముద్దులొచ్చినప్పుడు తాతయ్య లేచి ఉత్తరీయం సవరించుకుంటూ సరిగ్గా తెరకి అడ్డంగా నిలబడి, "అది వాళ్ళ ఆచారమండి, మన నమస్కారం లాంటిది" అనేవాడు. ఎదురింటి సుబ్బమ్మమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రోజుకెన్ని నమస్కారాలు పెట్టుకుంటారండి మాస్టారూ" అంటే హాలంతా నవ్వులే.

నాకు మాత్రం అన్నీ సందేహాలే. అంత డబ్బున్నవాళ్ళ ఇంట్లో ఒక్క రంగు వస్తువైనా లేదేం? ఆ అమ్మాయి అతన్ని తిట్టిపోస్తుంటే ప్రేమని తాతయ్యకెలా తెలుస్తుంది? అడిగితే, "చివరిదాకా చూడు" అనేవాడు. చివర్లో ప్రతిసారీ ఒకటే జరిగేది. తెర మీద అందరూ ఏదో మాట్లాడుకుంటుంటే తాతయ్య గొంతు తగ్గించి, "ఇదిగో, ఇప్పుడు తెలిసింది. ఆ అబ్బాయి మామూలువాడు కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారుగారి కొడుకు" అనేవాడు. ఆడవాళ్ళంతా హమ్మయ్య అనుకునేవాళ్ళు. "మొహం చూస్తేనే తెలుస్తోందండి" అనేది సుబ్బమ్మమ్మగారు. చేతి తొడుగులమ్మే పిల్లకి ఎక్కడో పెద్ద ఎస్టేటు ఉండేది. పియానోలు బాగుచేసే కుర్రాడికి దివాన్జీ ఉత్తరం తెచ్చేవాడు.

మా వకుళ పిన్ని గడప పక్కన గోడకి ఆనుకుని కూర్చుని కాయలు ఒలుస్తూ చూసేది. అమ్మకి చెల్లెలు, తాతయ్యకి ఆఖరి కూతురు. ఇంగ్లీషు సాహిత్యంతో బీఏ చేసి బీఈడీ చదువుతోంది. తాతయ్య దివాన్జీ ఉత్తరం దాకా వచ్చేసరికి పిన్ని తలొంచుకుని నవ్వుకునేది. సినిమా బాగుందని నవ్వుతోందనుకునేదాన్ని.

ఆ సినిమాలు మొదలైన మూడో వేసవిలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మేడమీద వడియాలకి కాపలా కాస్తుంటే కింద దొడ్లో పిన్నీ కోటేశ్వరరావు గారూ మాట్లాడుకోవడం విన్నాను. ఆయన డెక్కు వైరు చుట్టుకుంటూ తల దించుకుని ఉన్నారు. పిన్ని అంటోంది, "చేసుకుంటే మిమ్మల్నే చేసుకుంటాను. మా నాన్నకి నేను చెప్పుకుంటాను." నన్ను చూసి కంగారుపడి మేడెక్కి వచ్చింది. "రమా, ఎవరికీ చెప్పకే" అని గడ్డం పట్టుకుంది.

రెండు రోజులు కడుపులో దాచుకున్నాను. అసలు దాచడమెందుకో నాకు అర్థం కాలేదు. ఇలాంటి సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు తాతయ్యే కదా. ఎన్ని పెళ్ళిళ్ళు చూశాడు, ఎంత సంబరంగా చెప్పాడు. మూడో రోజు పొద్దున ఆయన పేపరు చదువుకుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"తాతయ్యా, పిన్ని కోటేశ్వరరావు గారిని పెళ్ళి చేసుకుంటుందట. ఆయన నిజంగా ఎవరబ్బాయో నువ్వు కనుక్కోవా?"

తాతయ్య పేపరు దించి నా వంక చూశాడు. నవ్వుతాడనుకున్నాను. "ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు. పిన్నే అన్నాను. పేపరు నాలుగు మడతలు పెట్టి, చెప్పులేసుకుని ఎక్కడికో వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం డెక్కు రాలేదు. ఆడవాళ్ళు చాపలతో వచ్చి, తలుపు దగ్గరేసి ఉండటం చూసి వెళ్ళిపోయారు. తెనాలి నుంచి అమ్మ వచ్చింది. పెద్దవాళ్ళు వంటింట్లో చిన్నగా మాట్లాడుకున్నారు. అమ్మమ్మ ఏడ్చింది. తాతయ్య ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, దానికే నాకు భయం వేసింది. "రిక్షా తొక్కే ఆయన కొడుకు" అన్న మాట మాత్రం రెండు మూడుసార్లు వినబడింది. అందులో ఏడవడానికేముందో తెలియలేదు. సినిమాలో మొదట అందరూ అలాంటివాళ్ళే కదా. సెలవులు పూర్తికాకుండానే అమ్మ నన్ను తెనాలి తీసుకొచ్చేసింది.

మరుసటి ఏడు ఒక పొద్దున పిన్ని చిన్న పెట్టెతో తెనాలిలో మా ఇంటికి వచ్చింది. రేపల్లెలో బడిలో టీచరుద్యోగం వచ్చిందనీ, రిజిస్టరాఫీసులో పెళ్ళనీ అమ్మకి చెప్పింది. అమ్మ బీరువా తీసి తన పెళ్ళినాటి పట్టుచీర తెచ్చి పిన్ని ఒళ్ళో పెట్టింది. రేపల్లె బండికి దిగబెట్టడానికి నేనూ స్టేషనుకి వెళ్ళాను. ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు చెప్పేశాను.

"పిన్నీ, నేనే తాతయ్యకి చెప్పాను."

"తెలుసు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాలిగా. నాకు ధైర్యం చాల్లేదు."

"మరి ఆయన ఎవరబ్బాయో తెలిసిందా?"

పిన్ని ముందు నవ్వింది. తర్వాత నేను నిజంగానే అడుగుతున్నానని తెలిసి నవ్వాపేసింది. "రిక్షా తొక్కే వెంకయ్యగారి అబ్బాయే. ఇంకెవరబ్బాయీ కాదు. నువ్వు తొందరగా ఇంగ్లీషు నేర్చుకోవే" అంది. ఆయనెవరబ్బాయని అడిగితే ఇంగ్లీషు నేర్చుకోమంటుందేంటని రైలు కదిలేదాకా ఆలోచించాను.

పిన్నీ బాబాయీ రేపల్లె స్టేషను దగ్గర ఇల్లు తీసుకున్నారు. ముందు గదిలో రేడియోలూ టీవీలూ బాగుచేసే షాపు, మధ్యలో తెర, వెనక కాపురం. నాన్నకి ఇష్టం లేకపోయినా అమ్మ నన్ను సెలవులకి అక్కడికి పంపేది. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ చిన్న బండి నెమ్మదిగా వెళ్ళేది. వెంకయ్య తాత స్టేషనులో రిక్షాతో సిద్ధంగా ఉండి, "రా అమ్మాయిగోరూ" అని పిలిచి, ఎంత వద్దన్నా నన్ను సీటు మధ్యలో కూర్చోబెట్టేవాడు.

అక్కడే ఒక దసరా సెలవుల్లో, ఎదురింటి బొమ్మల కొలువులో పెట్టిన శనగలు తింటూ షాపులో కూర్చుని ఉంటే, గుమ్మంలో తాతయ్య కనిపించాడు. చేతిలో గుడ్డ సంచీ, అందులో వీడియో డెక్కు. బాబాయి బాపట్లలో తన గడప తొక్కడం ఇష్టం లేక తాతయ్య అప్పట్లోనే అద్దె డెక్కు మాని సొంతంగా కొనుక్కున్నాడని అమ్మ చెప్పగా విన్నాను. ఇప్పుడా డెక్కునే మోసుకుని, తెనాలిలో బండి మారి, బాబాయి దగ్గరికే వచ్చాడు. ఇదేం తిరకాసో నాకు బోధపడలేదు. అప్పటికే మూడుసార్లు అలా వచ్చాడట. పిన్ని బడిలో ఉన్న వేళ చూసి వచ్చి, పిన్ని వచ్చేలోగా వెళ్ళిపోయేవాడట. దసరా సెలవులని ఆ రోజు మరిచిపోయినట్టున్నాడు.

"ఇందులో టేపు ఇరుక్కుంటోంది. చూడు బాబూ" అన్నాడు.

బాబాయి స్టూలు తుడిచి వేసి, మూత విప్పి, దూది స్పిరిట్‌లో ముంచి చక్రం తుడిచారు. "బాగానే ఉందండి మాస్టారూ" అన్నారు. "ఇంకోసారి చూడు బాబూ" అన్నాడు తాతయ్య. ఇంకోసారి తుడిచారు. తర్వాత పరీక్షగా చూద్దామని, లోపలున్న కేసెట్టుతోనే డెక్కుని షాపులో టీవీకి తగిలించారు. పియానోలు బాగుచేసే కుర్రాడి సినిమా. ఆఖరి ఘట్టం. పెద్ద మేడ మెట్ల మీద అమ్మాయి, పక్కన తెల్ల మీసాల తండ్రి, కింద చేతిలో పనిముట్ల పెట్టెతో కుర్రాడు.

రిక్షా నీడలో పెట్టి వచ్చిన వెంకయ్య తాత గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "ఏవంటన్నాడండి మాస్టరుగోరూ ఆ పెద్దాయన? కోప్పడతన్నాడా?"

తాతయ్య స్టూలు టీవీ వైపు జరుపుకున్నాడు. గది మధ్య తెర వెనక పిన్ని గాజుల చప్పుడు ఆగింది.

"లేదండి. నీకు ఇష్టమైతే అతని దగ్గరికి వెళ్ళమ్మా అంటున్నాడు" అన్నాడు.

తాతయ్య ఒక రిక్షా ఆయన్ని అండీ అనడం అదే నేను మొదటిసారి వినడం. కానీ నా బాధ వేరు. నాకీ సినిమా తెలుసు. "తాతయ్యా, మర్చిపోయావు. అతను జమీందారుగారి కొడుకని తెలిశాక కదా అలా అన్నాడు? దివాన్జీ ఉత్తరం తెస్తాడుగా?"

"అప్పుడు నాకు సరిగ్గా వినపడలేదమ్మా" అన్నాడు తాతయ్య. "ఉత్తరమేమీ లేదు. అతను పియానోలు బాగుచేసుకునేవాడే."

పిన్ని తెర తప్పించుకుని మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. తాతయ్య తీసుకుని తాగాడు. "బడి ఎలా ఉంది?" అన్నాడు. "బాగానే ఉంది నాన్నా." అంతే. ఇప్పుడు ఇద్దరూ కావలించుకుంటారని ఎదురుచూశాను. తాతయ్య డెక్కు సంచీలో పెట్టించుకుని నాలుగ్గంటల బండికి వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మని పిన్ని అనలేదు. వస్తానని ఆయనా అనలేదు. ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి వస్తూనే ఉన్నాడు, షాపు గది దాటి ఎన్నడూ రాలేదు. బాబాయిని ఆఖరిదాకా బాబూ అనే పిలిచాడు గానీ అల్లుడని అనలేదు.

నేను కాలేజీకి వచ్చాక, గుంటూరు హాస్టల్ టీవీలో ఒకరోజు చేతి తొడుగులమ్మే పిల్ల సినిమా వచ్చింది. అప్పటికి ఇంగ్లీషు వచ్చింది. ఎస్టేటు సంగతి ఎప్పుడొస్తుందా అని చివరి అక్షరాల దాకా చూశాను. రాలేదు. దొరికినవన్నీ చూశాను. ఏ సినిమాలోనూ ఎవరూ తప్పిపోయిన జమీందారు బిడ్డలు కారు. మొదట ఎవరో చివర్లోనూ వాళ్ళే. పిన్నికి ఇది మొదటినుంచీ తెలుసు, గడప పక్కన కూర్చుని విన్నది ఆ అసలు ఇంగ్లీషు మాటలే. ఆ అబద్ధం తాతయ్య వీధి ఆడవాళ్ళ కోసం చెప్పాడా, కూతురు వింటోందని చెప్పాడా, లేక తనకే ఆ కథ అలా తప్ప సహించేది కాదా? అడుగుదామంటే అప్పటికి ఆయన లేడు.

ఇప్పుడు బాపట్లలో ఆ హాలు లేదు, అక్కడ మూడంతస్తుల లాడ్జీ ఉంది. చాపలతో వచ్చినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. పక్కవాళ్ళకి సినిమా చెప్పే మనిషి ఎవరికీ అక్కర్లేదు, ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది. రేపల్లెలో రిక్షాలూ పోయాయి. బాబాయి షాపు మూసి చాలా ఏళ్ళయింది.

కళ్ళజోడు తీసుకున్న వారమే రేపల్లె వెళ్ళాను. పిన్ని రిటైరైంది. ముగ్గురం ముందుగదిలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతుంటే తాతయ్య మాట వచ్చింది. ఎందుకలా మార్చి చెప్పేవాడని పిన్నిని అడిగాను. "నాకేం తెలుసే. నేనూ అడగలేదు" అంది.

బాబాయి చిక్కుళ్ళు తుంచుతూనే, "ఆఖరిసారి వచ్చినప్పుడు మాస్టారు డెక్కు తేలేదమ్మా" అన్నారు.

పిన్ని చెయ్యి ఆగింది. "ఏంటండీ?"

"ఉత్త చేతులతో వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు. నేనెవరిదో రేడియో బాగుచేస్తుంటే చూశారు. నాలుగ్గంటల బండికి వెళ్ళారు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మాస్టారు చెప్పొద్దన్నారు."

పిన్ని ఆయన వంక చాలాసేపు చూసింది. కోపమో, ఏడుపో, మరేదో, ఈ కొత్త కళ్ళజోడుతో కూడా నేను పోల్చుకోలేకపోయాను. ఒళ్ళో చిక్కుళ్ళు చేటలోకి దులిపి లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచే, "లేవండి, కాళ్ళు కడుక్కోండి. అన్నం వడ్డిస్తున్నాను" అని పిలిచింది.