ముందు ట్రామ్‌లో ఆమె, వెనక ట్రామ్‌లో నేను

విజిట్ వీసా మీద భార్యను దమ్మామ్‌కు తెచ్చుకున్న ప్రతివాడికీ బహ్రెయిన్ వంతెన బాగా తెలుసు. గడువు అయ్యేలోపు ఆమె ఒకసారి దేశం దాటి రావాలి, అదీ అప్పటి రూలు. అందుకని శుక్రవారం పొద్దున కారెక్కి, సముద్రం మీదున్న ఆ పొడుగాటి వంతెన దాటి, పాస్‌పోర్టు పని ముగించుకుని, అవతల ఏదో హోటల్లో బిర్యానీ తిని, సాయంత్రానికల్లా తిరిగొచ్చేస్తారు. మా ఆవిడ గడువు దగ్గరపడినప్పుడు నేనూ అదే చేద్దామన్నాను. ఆమె కంచం కడుగుతూ, వెనక్కి తిరిగి చూడకుండానే, "నేను బహ్రెయిన్‌కి రాను. ఇంటికి పోతా" అంది.

ఇంటికి అంటే అనంతపురానికి. పోతే మళ్లీ రాదని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

నేను దమ్మామ్‌లో ఏసీల మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. పెళ్లయిన కొత్తల్లోనే సౌదీకి వచ్చేశాను. అప్పటి నుంచి మా కాపురమంతా ఫోన్లోనే జరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఏ బిల్డింగు మెట్ల కిందో కూర్చుని ఫోన్ చేసేవాణ్ని. ఏం కూర వండిందీ, పక్కింటి వాళ్లు ఎవరితో తగువు పెట్టుకుందీ, చిన్నోడికి మార్కులెన్నొచ్చిందీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. సెలవుకు ఇంటికి పోతే మాత్రం చుట్టాలూ, పెళ్లిళ్లూ, పంచాల్సిన సామాన్లూ. ఇద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్న పూట లేదు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో కుదురుకున్నాక ఆమెను రప్పించుకున్నాను. ఇక నా కష్టాలు తీరినట్టే అనుకున్నాను. ఆమె సరేనంటే ఫ్యామిలీ వీసా పెట్టి శాశ్వతంగా ఇక్కడే ఉంచుకుందామని నా ఆశ. కంపెనీ కూడా ఒప్పుకుంది.

తీరా వచ్చాక మా మధ్య మాటలే పుట్టలేదు. ఒకే బెంచీ మీద కూర్చుని వేరే వేరే బస్సుల కోసం చూస్తున్న ప్రయాణికుల్లా ఉండేవాళ్లం. నేను ఆమె కట్టిచ్చిన డబ్బా గబగబా తినేసి వ్యాన్లో ఓ కునుకు తీసేవాణ్ని. ఇంటికొచ్చేసరికి ఆమె టీవీ ముందు కూర్చుని ఉండేది. "తిన్నావా?" అంటే "తింటి" అనేది. అంతే.

ఆ రోజు బతిమాలాను. చివరికి ఫోన్ తీసి నాకో వీడియో చూపించింది. పసుపు ఆకులు రాలుతున్న చెట్ల మధ్య నుంచి ట్రామ్ పోతోంది. అది ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, మెల్‌బోర్న్ నగరమట.

"దేశం దాటాల్సిందే అయితే మనుషులు నడిచే ఊరికి పోదాం. ఆడ చూసినాక చెప్తా, దమ్మామ్‌కి వస్తానో, అట్లే ఇంటికి పోతానో" అంది.

నవ్వొచ్చింది నాకు. పక్కింటికి పోదామంటే ఈ మనిషి భూమి అంచుకు పోదామంటోంది. కానీ ఆమె నవ్వలేదు. మర్నాడే వీసాలకు అర్జీ పెట్టాను. నేను దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికొచ్చేదాకా, నా వీసాకు పూచీగా ఉన్న మా కఫీల్ ఆఫీసు చుట్టూ తిరిగాను. ఏ ఊరికి పోతున్నానో విని అక్కడి గుమాస్తా రెండుసార్లు అడిగాడు, బహ్రెయిన్ కాదా అని.

మెల్‌బోర్న్‌లో దిగిన రోజే మా గల్ఫు బుద్ధి చూపించుకున్నాం. మధ్యాహ్నం హోటల్లో కర్టెన్లు బిగించి పడుకున్నాం. దమ్మామ్‌లో ఎండ తగ్గి, రాత్రి ఇషా నమాజు అయ్యాకే కదా ఊరు మేలుకునేది! పొద్దు వాలాక తీరిగ్గా లేచి, చాప చుట్టుకుని, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని పార్కుకు బయల్దేరాం. దారిలో దుకాణాలన్నీ షట్టర్లు దించేస్తున్నాయి. పార్కులో జనం పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని ఎదురొస్తున్నారు. చలి ఎముకలు కొరుకుతోంది. ఖాళీ పచ్చిక మీద చాప పరుచుకుని ఇద్దరం ముడుచుకుని కూర్చున్నాం.

"ఊరంతా చూసుకుని ఇండ్లకు పోతాండారు. మనం ఇప్పుడు వస్తిమి" అంది. నేను చాయ్ కప్పులో ముఖం దాచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆమే లేపింది. బయటికొస్తే ఎండ! ఇన్నేళ్లుగా ఎండంటే తప్పించుకోవాల్సిన శత్రువనే నాకు తెలుసు. ఇక్కడి వాళ్లేమో నీడ వదిలేసి, ఎండ ఎక్కడ పడితే అక్కడికి కుర్చీలు జరుపుకుని కాఫీ తాగుతున్నారు. ఇరుకు సందుల గోడల నిండా బొమ్మలు. నిన్న వేసిన బొమ్మ మీదే ఒకడు ఇవాళ ఇంకో బొమ్మ వేస్తున్నాడు, ఎవరూ వాడితో తగువు పెట్టుకోవడం లేదు. ఊరి నడిబొడ్డున ట్రామ్‌కు టికెట్టే లేదంటే నమ్మలేక ముగ్గుర్ని అడిగాను.

పెద్ద లైబ్రరీ గుమ్మం దగ్గర నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, ఇకామా కార్డు తీయడానికి, అదే మా నివాస గుర్తింపు. సౌదీలో ఏ గేటు దగ్గరైనా అదే అలవాటు. అక్కడి మనిషి నా చేతివంక చూసి, అర్థంకాక, నవ్వి లోపలికి దారి చూపించాడు. లోపల ఆకాశమంత ఎత్తున తెల్లటి గోపురం. కింద ఎనిమిది మూలల గది, పచ్చటి దీపాల వరుసలు. చలి నుంచి తప్పించుకోవడానికి వచ్చినట్టున్న ఒక ముసలాయన, సూటు వేసుకున్న కుర్రాడు ఒకే బల్ల దగ్గర చదువుకుంటున్నారు. నువ్వెవరివని ఎవరూ అడగని ఆ చోటు చూసి నాకు ఈర్ష్య కూడా కలిగింది. ఆ మాట మా ఆవిడతో అందామనుకున్నాను. పక్కనే నిలబడి ఉంది. నోరు తెరిచాను, మూసుకున్నాను. ఆమె కూడా ఏదో అనబోయి గోపురంలోకి చూసింది.

పూలతోటల్లో తిరిగినప్పుడూ అంతే. పచ్చిక మీద నడవొద్దనే బోర్డు లేదు, పడుకున్నా లేపేవాడు లేడు. చెరువులో నల్లటి హంసలు! హంసంటే తెల్లగానే ఉంటుందని పుట్టినప్పటి నుంచీ నమ్మినవాణ్ని. ఇంత వింత చూసి కూడా మేము "బాగుంది కదా", "ఊఁ, బాగుంది" అనుకుని ఊరుకున్నాం. అందరూ చేతులు పట్టుకుని కబుర్లాడుకుంటూ పోతుంటే నాకు కడుపు మండిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చి నోరు మెదపలేని మొద్దుని నేనొక్కణ్నే కాబోలు అనుకున్నాను. ఆమె ఇంటికే పోతుందని ఆ సాయంత్రం దాదాపు తేల్చేసుకున్నాను.

సముద్రం వైపు బయల్దేరిన రోజు ట్రామ్ స్టాపులో జనం ఎక్కువగా ఉన్నారు. ముందు ఆమె ఎక్కింది. ఒక తల్లి పసిబిడ్డను కూర్చోబెట్టిన బండి ఎక్కిస్తుంటే నేను పక్కకు జరిగాను. తలుపులు మూసుకున్నాయి. ట్రామ్ కదిలింది. అద్దంలోంచి ఆమె ముఖం కనిపించింది, తర్వాత అదీ లేదు. ఇంగ్లీషు రాదు ఆమెకు. పిచ్చివాడిలా పట్టాల వెంట పరిగెత్తాను. ఫోన్ మోగింది.

"ఏమయ్యా, ఎందుకట్ల ఆయాసపడతాండావ్? ఆడే నిలబడు. వెనకొచ్చే బండి ఎక్కు. నేను కడాకు పోయి సముద్రం కాడ దిగుతా."

"భయమేస్తాందా?" అన్నాను.

"నాకేం భయం? కిటికీ కాడ సీటు దొరికింది. ఇట్ల చూడు" అని కెమెరా బయటికి తిప్పింది.

వెనక ట్రామ్ ఎక్కాను. ఆమె ఫోన్ పెట్టలేదు. "పెద్ద గాజుగోడ వచ్చింది, దాని మీద నుంచి నీళ్లు కారతానే ఉండాయి, పిల్లోళ్లు వేళ్లు పెట్టి ఆడుకుంటాండారు" అంది. కాసేపటికి ఆ నీళ్ల గోడ నా కిటికీలోకి వచ్చింది. "ఎంత వెడల్పు రోడ్డో, రెండు పక్కలా చెట్లే, ఆకులన్నీ పసుపు నీళ్లల్లో ముంచి తీసినట్లుండాయి" అంది. ఆ చెట్ల కిందికి నేనూ వచ్చాను. "ఒక గేటుకు నోరు తెరిచిన రాక్షసుడి మొహం పెట్టినారు. దాని నోట్లో నుంచి మనుషులు లోపలికి పోతాండారు. మన చిన్నోడు పాలు తాగనని నోరు తెరిచి ఏడ్చేటోడు చూడు, అట్లుంది!" అని పడీపడీ నవ్వింది. నేనూ పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. నగరాన్ని రెండుసార్లు చూశాను ఆ రోజు, ముందు ఆమె మాటల్లో, తర్వాత నా కళ్లతో. మొదటిదే ఎక్కువ బాగుంది.

దిగేసరికి సముద్రం ఒడ్డున వరసగా ఖర్జూరపు చెట్లు. దమ్మామ్‌లో సముద్రం పక్కనుండే కార్నిష్ రోడ్డు మీద ఉన్నట్టే! ఒక చెట్టు కింద చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఆమె నిలబడి ఉంది. దగ్గరికి పోయి ఫోన్ కట్ చేశాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాట ఆగిపోయింది.

"కట్ చేసినావా?" అంది. ఆ గొంతులో అలక ఉంది. అదెందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆఖరి రోజు బస్సులో సముద్రం అంచునే పోయే దారి పట్టుకుని దూరంగా వెళ్లాం. ఒక పక్క అడవి, ఒక పక్క నురగలు. చివర, కొండను అలలు కొరుక్కుతింటే మిగిలిన పెద్దపెద్ద రాతి స్తంభాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. గాలికి మనిషి ఊగిపోతాడు. నాకు నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. మర్నాడే తిరుగు ప్రయాణం. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆమె నన్ను వదిలి అవతలి కమ్మీల దగ్గరికి నడిచింది. ఫోన్ తీసి నొక్కింది. నా ఫోన్ మోగలేదు. అక్కడ సిగ్నల్ లేదు. మళ్లీ నొక్కింది. విసుక్కుని, ఫోన్ చెవికి ఆనించుకునే వచ్చి నా పక్కన నిలబడింది, నా వైపు కాక సముద్రం వైపు తిరిగి.

"నువ్వూ పెట్టుకో" అంది. నేనూ ఉత్త ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"హలో" అంది.

"ఆఁ, చెప్పు."

"నేను దమ్మామ్ వచ్చినప్పట్నుంచి నువ్వు మధ్యాన్నం ఫోన్ చేసేది మానేసినావ్. అన్నం పెట్టుకుని, పక్కన ఫోన్ పెట్టుకుని రోజూ కూచుంటి. ఇంట్లోనే ఉంది కదా అని నువ్వు అనుకుంటాండావ్. ఇంటికి పోతే మళ్లీ చేస్తావ్ కదా... అందుకే పోతానంటి."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి వల్ల అని చెప్పుకోవచ్చు, కానీ కాదు.

"చేస్తే ఉంటావా?" అన్నాను ఆ మోగని ఫోన్లో.

"చేస్తే ఎందుకు పోతా?" అంది.

ఇప్పుడు ఫ్యామిలీ వీసా కూడా వచ్చేసింది. దమ్మామ్‌లో మధ్యాహ్నం పని ఆపగానే మిగతావాళ్లు వ్యాన్లో నడుం వాలుస్తారు. నేను మెట్ల కింద కూర్చుని డబ్బా పక్కన పెట్టుకుని ఫోన్ చేస్తాను. మొదటి రింగుకే ఎత్తుతుంది.

"ఏం కూర ఈ పొద్దు?" అని అడుగుతుంది.

"నువ్వు కట్టిచ్చిందే కదా!"

"నాకు తెలుసులే. నువ్వు చెప్పు."

మూత తీసి చూసి, చెప్తాను.