మునికుమార్ పెంచిన స్ఫటికం

మునికుమార్ పోయాక కూడా అతని కొలిమి ఆగలేదు.

పూతలపట్టు కూడలిలో లారీ అతని బండిని గుద్దేనాటికి ఆ కరెంటు కొలిమిలో గాజులాంటి గొట్టం ఒకటి ఉంది. ఇనుప పొడి, సెలీనియం, కాస్త ఉప్పు అందులో వేసి, గాలి తీసేసి, మూతి కరిగించి మూసింది అతనే. ఒక కొస వేడిగా, ఇంకో కొస కొంచెం చల్లగా వారాల తరబడి ఉంచితే, చల్లని కొసన ఇనుప సెలీనైడు పల్చని రేకులుగా పెరుగుతుంది. బాగా చల్లబరిస్తే అది అతివాహకం. కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది.

తిరుపతిలోని ఆ ప్రయోగశాలలో అతనిది స్ఫటికాలు పెంచే పని, ఎస్తేరుది లెక్కల పని. స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఏ దిక్కుకు ఎంత శక్తితో కదలగలవో కంప్యూటరులో గీతలుగా గీసేది. వాటిని పట్టీలు అనేవారు. ఇనుప అతివాహకాల దగ్గర ఆ లెక్క తప్పేది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి అడ్డుకుని బరువెక్కినట్టు నడుస్తాయి గనక అసలు పట్టీలు లెక్కలో వచ్చినంత ఏటవాలుగా ఉండవు, అణిగి ఉంటాయి.

"నీ పట్టీలు మరీ నిటారుగా వస్తా ఉండాయి ఎస్తేరూ," అనేవాడు మునికుమార్. "సల్లబడినాక ఆ నడిమి పట్టీలు రెండూ ఇంకా ఎడం అయితాయి, సూడు. స్ఫటికం రాయిని ఒక పక్కకు రవ్వంత లాగిపట్టి కొలిస్తే తెలిసిపోతాది." అలా లాగిపట్టడానికి చిన్న ఇత్తడి బిగింపు కూడా చేసిపెట్టాడు.

అంత్యక్రియలయ్యాక వాళ్ల పరిశోధన గైడు జ్ఞానాంబ మేడమ్, "ఆ కొలిమి ఆపేద్దామమ్మా. ఆ గదిలోకి పోవడానికి ఎవరికీ మనసు రావడం లేదు," అంది.

"వద్దు మేడమ్. పెరగనీండి. నేను చూసుకుంటాను," అంది ఎస్తేరు.

రోజూ మధ్యాహ్నం వెళ్లి వేడి చూసి వచ్చేది. మూడో నాలుగో రోజున వాసన తెలిసింది, కుళ్ళిన ముల్లంగి వాసన. సెలీనియంతో పనిచేసేవాళ్ల చొక్కాలకు పట్టే వాసనే అది. గొట్టం పగిలిందేమోనని చూసింది. పగల్లేదు. కొలిమి దగ్గర వాసన లేదు. మునికుమార్ కూర్చునే ముక్కాలిపీట దగ్గర మాత్రం ఉంది. ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంది. ఎవరో పక్కకు జరిగి చోటిచ్చినట్టనిపించి చటుక్కున తెరిచింది. పీట ఉన్నచోటే ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మునికుమార్ తల్లి పోలేరమ్మ శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చింది.

"మావోడు యాడ పని చేస్తా ఉన్నిందమ్మా?"

ఎస్తేరు గది చూపించింది. ఆమె కొలిమి పక్కన నిలబడి వెచ్చదనానికి అరచెయ్యి చాచింది.

"వాడు పొయ్యి ఇన్నాళ్లాయ, ఇది ఇంకా వేడిగానే ఉండాదే. లోపల ఏముండాది?"

"ఆయన పెట్టిందే పెద్దమ్మా. ఇంకా పెరుగుతూ ఉంది."

పోలేరమ్మ సాయంత్రం బస్సు వేళ దాకా అక్కడే కూర్చుంది, ఆ పీట మీదే.

గొట్టం తెరిచిన రోజు చల్లని కొసన మెరిసే రేకులు దొరికాయి. వాటిలో ఒకదాన్ని ఉత్తరాదిలోని పెద్ద యంత్రం దగ్గరికి ఎస్తేరే తీసుకుపోయింది. అక్కడ తీక్షణమైన వెలుగు స్ఫటికం మీద పడితే ఎలక్ట్రాన్లు బయటికి ఎగురుతాయి. అవి వచ్చే కోణం, వేగం చూస్తే పట్టీలు తెలుస్తాయి. కానీ ముందు స్ఫటికం పై పొరను ఊడగొట్టాలి. అతను లేని రోజుల్లో పెరిగిన దాన్ని తన చేత్తో పగలగొట్టడానికి ఆమెకు చెయ్యి ఆడలేదు. అక్కడివాళ్లు ఓపిగ్గా ఆగారు. చివరికి తనే కొట్టింది. పొర అభ్రకంలా లేచిపోయింది.

ఇత్తడి బిగింపులో లాగిపట్టి, చల్లబరిచి కొలిచారు. తెర మీద నడిమి పట్టీలు అణిగి, మెల్లగా ఎడం అయ్యాయి.

"సూస్తివా," అన్నారెవరో. తన గొంతేనని తెలుసుకోవడానికి ఎస్తేరుకు కాసేపు పట్టింది. అంతవరకు ఆమె ఎప్పుడూ ఆ యాసలో ఆ మాట అనలేదు.

వ్యాసంలో మొదటి పేరు మునికుమార్‌దే వేసింది. ఆ పట్టీలు అంతగా ఎందుకు అణుగుతాయో పూర్తిగా ఆమె లెక్కకు ఇప్పటికీ అందలేదు. ఇప్పుడు స్ఫటికాలు కూడా తనే పెంచుతోంది. సాయంత్రం పోతూ కొలిమి గది తలుపు దగ్గరికి వేస్తుంది గానీ గడియ పెట్టదు. ఎందుకని అడిగితే, గడియ బిగుసుకుపోయింది అంటుంది.