డిసెంబరులో దారపు నాచు

మా కృపాజ్యోతక్క లెక్క తప్పిందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే. అబిడ్స్ సందులో, లిఫ్టు లేని మూడో అంతస్తులో మా నీటి పరీక్షల ల్యాబు. ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు మీదికి వంగి, చెరువు నీటి చుక్కలో నాచు ఎంతుంది, దాన్ని మేసే నీటిపురుగులు ఎన్ని అని లెక్కపెట్టడమే ఆవిడ ఉద్యోగం. ఆవిడ చెప్పింది టైపు చేయడం నా ఉద్యోగం. మెడలు పట్టేసి, కళ్లు మండి, సాయంత్రానికి ఇద్దరం పిప్పి అయిపోతాం.

చెరువుకూ కార్తెలుంటాయని నాకు ఆవిడే చెప్పింది. వానల్లో అంతా బురద. చలి మొదలయ్యాక నీరు తేరుకుని సన్న నాచు పుడుతుంది, దాన్ని మేసి నీటిపురుగులు పెరుగుతాయి. ఎండలు ముదిరితే పొడుగు దారాల నాచు కమ్ముతుంది. అది పురుగుల నోటికి పట్టదు. అవి పోతాయి, చెరువు కంపు కొడుతుంది. ఏటా ఇదే తంతు.

అలాంటిది మొన్న డిసెంబరులో, ఒక అపార్ట్‌మెంట్ల వాళ్ల చెరువు నీళ్లలో దారపు నాచు కనిపించింది ఆవిడకి. "గీ చలిల గిదేంది వసుమతీ?" అంటూ మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఉంది. నేను టైపు చేశాను, మా ఓనరు విజయేందర్ సార్ ఆ రిపోర్టు వాళ్లకు పంపించేశాడు. వాళ్లు హడలిపోయి, నాచు చావడానికి శనివారం పొద్దున చెరువులో మైలుతుత్తం కలిపేస్తామన్నారు. కలిపితే నాచు సంగతేమో గానీ ముందు చచ్చేది నీటిపురుగులు. మేసేవి లేకపోతే ఇక వేసవికి ఆ చెరువు గతి అంతే!

శుక్రవారం సాయంత్రం ఇద్దరం కాళ్లీడ్చుకుంటూ నాంపల్లి మెట్రోకు పోతున్నాం. కొత్తగా సున్నం కొట్టిన ప్రహరీ ముందు అక్క టక్కున ఆగిపోయింది. ఒక కన్ను మూసి చూసింది. రెండోది మూసి చూసింది.

"ఏమైందక్కా?"

"గోడ మీద గూడ దారాలున్నయే. నేనెటు చూస్తే గటే వస్తున్నయి."

విషయం అర్థమైంది నాకు. పాడు బుద్ధి, ముందు ఉద్యోగమే తోచింది. "ఎవరికీ చెప్పకండక్కా. ఇంకో మూడేళ్లలో రిటైరవుతారు, ఎందుకొచ్చిన గొడవ?" అన్నాను. సిగ్గుమాలిన మాటే, ఒప్పుకుంటాను.

"పొద్దుగాల మందు పోస్తరు గదనే," అంటూ ఫుట్‌పాత్ మీదే చతికిలబడి సార్‌కు ఫోన్ చేసింది. ట్రాఫిక్ గోలలో వినపడక స్పీకర్ పెట్టింది.

"సార్, మైలుతుత్తం ఆపమనున్రి. దారాలు చెరువుల లేవు. నా కంట్ల ఉన్నయి."

సార్ అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ఇప్పుడే ఆపిస్త," అన్నాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు: "ఎప్పటిసంది గిట్లా, కృపాజ్యోతమ్మా?"

అక్క వేళ్ల మీద లెక్కపెట్టబోయింది. ఈ వారం నుంచా? దసరా నుంచా? పోయిన ఏడాది నుంచా? ఇరవై రెండేళ్ల రిజిస్టర్లలో ఏ పేజీ దాకా నిజం?

"తెల్వదు సార్," అంది.