ఎనభై డిగ్రీల సంసారం

ఆ ప్రయోగశాలలో ఆమెని అందరూ పిన్ని అనే పిలుస్తారు. పందొమ్మిదేళ్ల కిందట గాజుసామాను కడగడానికి చేరింది. కడుగుతూ కడుగుతూనే తూచడం, కాచడం నేర్చుకుంది. ఇప్పుడు అక్కడి బాక్టీరియాకి వంటమనిషి ఆమే. సముద్రం అడుగున వేడినీళ్లు చిమ్మే పగుళ్ల దగ్గర పుట్టినవి అవి. వేలు పెడితే బొబ్బలెక్కే ఎనభై డిగ్రీల వేడిలో హాయిగా ఉంటాయి. ఉప్పునీళ్లు కావాలి, గాలి తగలకూడదు. ఇక చెరకు పిప్పి వేసినా, గడ్డి వేసినా, కాగితం వేసినా పీచంతా కరిగించి తినేస్తాయి.

"పశువుల కన్నా నయం, పేడ ఎత్తక్కర్లేదు" అనేది పిన్ని.

పదిరోజులకోసారి పాత ట్యూబులోంచి నాలుగు చుక్కలు తీసి కొత్త ట్యూబులో వేయాలి. ప్రతి ట్యూబులోనూ వేలెడు వెడల్పున వడపోత కాగితం ముక్క ఉంటుంది. పిన్ని పొద్దున్నే ట్యూబుల్ని ఒక్కొక్కటే వంచి చూసేది. కాగితం తెగి అడుగున పిండిలా కూర్చుంటే కడుపునిండా తిన్నట్టు. వేరే ల్యాబుల్లో బతకని ఈ జీవులు ఇక్కడ బతుకుతాయని పేరు. "అంతా పిన్ని హస్తవాసి" అనేవాడు ప్రొఫెసరు, వచ్చిన అతిథులందరితో. పిన్ని తల దించుకుని సీసాలు సర్దుకునేది. సిగ్గు అనుకునేవాళ్లు.

ఈమధ్య మూడు మార్పిళ్లు వరసగా దెబ్బతిన్నాయి. మొదటిసారి కాగితం ఆలస్యంగా తెగింది. రెండోసారి అంచులు మాత్రం చిరిగాయి. మూడోసారి గంజి పెట్టిన బట్టలా నిటారుగా నిలబడింది. ఫ్రిజ్‌లో నిద్రపుచ్చిన పాత ట్యూబులు రెండే మిగిలాయి. వాటి మీద పరిశోధన చేసే అమ్మాయి రోజుకి పదిసార్లు వేడి చూస్తుంది కాబట్టి ల్యాబంతా ఆమెని థర్మామీటరంటారు.

"రేపు పదకొండింటికి ఈ రెండూ కొత్త నీళ్లలోకి మార్చేద్దాం పిన్నీ. ఇవీ పోతే నా నాలుగేళ్లూ నీళ్లపాలే" అంది థర్మామీటరు.

ఎందుకు పోతున్నాయో పిన్నికి తెలుసు.

గోడకి అంటించిన జాబితా ప్రకారం శుద్ధిచేసిన నీళ్లలో తొమ్మిది రకాల లవణాలు తూచి కలపాలి. పదకొండేళ్ల కిందట, ఈ జీవులు ల్యాబుకి వచ్చిన కొత్తలో, ఒకసారి ఆ లవణాలు రావడం ఆలస్యమైంది. పిన్ని భర్త పడవల మరమ్మతు మెకానిక్కు. ఆయన చేత జెట్టీ పక్కన ఒక డబ్బా సముద్రపు నీళ్లు తెప్పించి, గుడ్డలో వడకట్టి, కాచి పోసింది. మూడు రోజుల్లో కాగితాలన్నీ మాయం. ఆ తర్వాత లవణాలు వచ్చినా డబ్బా ఆగలేదు. ఈ సంగతి తెలియని ప్రొఫెసరేమో జాబితా ప్రకారమే చేశామని రాసి మూడు వ్యాసాలు అచ్చు వేయించాడు.

రెండు నెలల కిందట భర్త మోకాలికి ఆపరేషనైంది. డబ్బా నిల్వ అయిపోయాక పిన్ని పదకొండేళ్లలో మొదటిసారి జాబితాలో ఉన్నది ఉన్నట్టు చేసింది. అదే కొంప ముంచింది.

ఆ సాయంత్రం భర్త దిండు మీద కాలు పెట్టుకుని నవ్వాడు. "నేను మంచం ఎక్కితే మీ పురుగులూ మంచం ఎక్కాయా?"

"నవ్వకయ్యా. రేపు సారుకి చెప్పేస్తా."

"నీకేమైనా పిచ్చా? మా షెడ్డులో వాళ్లకి ఫోన్ చేస్తే పొద్దున్నకి డబ్బా వస్తుంది. పురుగులు లేచి కూర్చుంటాయి, నీ పేరూ నిలబడుతుంది."

"డబ్బా తెప్పించు. కానీ చెప్పేస్తా. పోయినేడు పక్క ఊరి కాలేజీ నుంచి ఒకావిడ వచ్చింది, గుర్తుందా? మూడుసార్లు పట్టుకెళ్లినా బతకలేదని ఏడ్చింది. ఆవిడ చేతిలోనే ఏదో లోపమన్నాడు మా సారు. నేను పక్కనే నిలబడి విన్నాను."

ఆయన ఇంక నవ్వలేదు. ఫోన్ అందుకున్నాడు.

మర్నాడు పదింటికి పిన్ని డబ్బా మోసుకుంటూ ప్రొఫెసరు గదిలోకి వెళ్లింది. థర్మామీటరు కూడా అక్కడే ఉంది. పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది.

"పదకొండేళ్లా?" అన్నాడు ప్రొఫెసరు.

"పదకొండు."

"నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"మొదటి ఏడాది భయమేసింది సార్. తర్వాత మీరు హస్తవాసి అనడం మొదలెట్టారు. అది బావుండింది."

"పిన్నీ! నా థీసిస్‌లో రెండో అధ్యాయమంతా ఆ జాబితానే!" అని థర్మామీటరు కుర్చీలో కూలబడింది.

ఒక ట్యూబుని ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండోదాన్ని డబ్బా నీళ్లలోకి మార్చారు. నాలుగో రోజు కాగితం తెగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రొఫెసరు మూడు పత్రికలకీ తప్పు దిద్దుతూ ఉత్తరాలు రాశాడు. పక్క ఊరి ఆవిడకి తనే ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. పిన్నిని పనిలోంచి తియ్యలేదు. కానీ పందొమ్మిదేళ్లుగా "నువ్వు" అన్నవాడు ఆ రోజు నుంచి "మీరు" అంటున్నాడు. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు అని భర్త దగ్గర ఒక్కసారి అంది, అంతే.

జాబితాలో లేనిదీ ఆ నీళ్లలో ఉన్నదీ ఏమిటో తేల్చడం ఇప్పుడు థర్మామీటరు పని. ట్యూబుకొక లోహం చొప్పున, ఆవగింజలో సగమంత తూచి, నీళ్లలో కరిగించి చుక్కల లెక్కన కలుపుతున్నారు. తూచేది పిన్నే. చేసిన ప్రతి పనీ గీతల నోటుబుక్కులో రాస్తోంది.

"పన్నెండో ట్యూబు. చెయ్యి వణికింది. రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయి" అని ఉంది నిన్నటి పేజీలో.

"దీన్ని పారేద్దామా పిన్నీ?" అంది థర్మామీటరు.

"ఎందుకూ? ఎంత పడిందో రాశాంగా. ఉండనీ, చూద్దాం."